గని అడుగున కృష్ణ పదార్థం కోసం వెతుకులాట



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాసివ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు ఏ విషయం రాయాలా అని మేము పెద్దగా ఆలోచించలేదు. పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు స్టడీ అవర్‌లో తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగిన ప్రశ్న ఇంకా మనసులోనే ఉంది. "అన్నా, కృష్ణ పదార్థం అంటే నల్లగ ఉంటదా?" అన్నాడు. పక్కవాళ్లంతా నవ్వారు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరిన కొత్తలో మేమూ అలాగే అనుకున్నాం.

ఇదే సంగతి సెలవుల్లో ఇంటి దగ్గర చెబితే మా నాన్న ఇంకో ప్రశ్న అడిగాడు. మా నాన్న బోరు బండి మీద పని చేస్తాడు. రాడ్లు ఎత్తడం, దించడం ఆయన పని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు కాబట్టి, కాలేజీలో ఏం చెబుతారో ఆయన అప్పుడప్పుడు అడిగి తెలుసుకుంటాడు. అమెరికాలో ఒక గనిలో 4,850 అడుగుల లోతున శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఒక కణం కోసం వెతుకుతున్నారని, ఇప్పటిదాకా అది దొరకలేదని చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి "గన్ని అడుగుల కింద గిన్నేండ్ల సంది ఎతికినా ఏం దొరకలేదా? మరి వాళ్లకు జీతం ఎవలిస్తరు?" అన్నాడు.

ఆ పూట మాకు సరైన జవాబు తోచలేదు. ఆ రెండు ప్రశ్నలకూ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం.

కనిపించని బరువు

ముందు తమ్ముడి ప్రశ్న చూద్దాం. కృష్ణ పదార్థం నల్లగా ఉండదు. నల్లని వస్తువు కాంతిని పీల్చుకుంటుంది, కాబట్టి దాని నీడైనా మనకు కనిపిస్తుంది. కృష్ణ పదార్థం కాంతిని పీల్చుకోదు, వెలువరించదు, అడ్డుకోదు. కాంతి దాని గుండా నేరుగా వెళ్లిపోతుంది. నిజానికి దాన్ని 'కనిపించని పదార్థం' అంటే ఇంకా సరిగ్గా ఉండేది. మరి కనిపించనిది ఉందని ఎలా తెలిసింది? దాని బరువు వల్ల తెలిసింది.

గురుత్వాకర్షణ పాఠం గుర్తు చేసుకోండి. సూర్యుడికి దగ్గరగా ఉన్న గ్రహం వేగంగా తిరుగుతుంది, దూరంగా ఉన్నది నెమ్మదిగా తిరుగుతుంది. బుధుడి వేగం సెకనుకు దాదాపు 47 కిలోమీటర్లు. భూమి వేగం 30 కిలోమీటర్లు. అన్నిటికంటే దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. బరువంతా మధ్యలో సూర్యుడి దగ్గరే ఉంది కాబట్టి దూరం పోయేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది.

గెలాక్సీలో కూడా నక్షత్రాలు మధ్య భాగంలోనే ఎక్కువగా గుమిగూడి ఉంటాయి. అంచున ఉన్న నక్షత్రాలు నెమ్మదిగా తిరగాలి. అమెరికాకు చెందిన వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు మన పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి 1970లో ఫలితాలు ప్రచురించారు. అంచుల దగ్గర కూడా వేగం తగ్గలేదు. తర్వాత ఎన్ని గెలాక్సీలు కొలిచినా ఇదే కథ. కనిపించే నక్షత్రాల బరువు ఆ వేగానికి సరిపోదు. అంత వేగంతో తిరిగే నక్షత్రాలు చెదిరిపోకుండా ఉండాలంటే, వాటిని పట్టి ఉంచే బరువు ఇంకేదో చుట్టూ పరుచుకుని ఉండాలి.

అంతకుముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్వికీ అనే స్విస్ శాస్త్రవేత్త కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించి, కనిపించే బరువు చాలడం లేదని చెప్పాడు. ఆయన మాటను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

వెరా రూబిన్ గురించి ఒక సంగతి చెప్పాలి. పాలోమార్ అనే పెద్ద అబ్జర్వేటరీలో 1960ల దాకా ఆడవాళ్లకు అధికారికంగా ప్రవేశం లేదు. 1965లో ఆమెకు అనుమతి వచ్చింది. వెళ్లి చూస్తే అక్కడ ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. ఉన్న ఒక్కదాని తలుపు మీద మగమనిషి బొమ్మ ఉంది. ఆమె కాగితాన్ని లంగా ఆకారంలో కత్తిరించి ఆ బొమ్మకు అంటించి, ఇప్పుడు ఆడవాళ్లకూ ఉందని చెప్పి తన పనిలో పడింది. మనకు చోటు లేదన్న దగ్గర చోటు చేసుకోవడం మనలాంటివాళ్లకు కొత్త కాదు కాబట్టి ఈ కథ మాకు బాగా నచ్చింది.

ఇప్పుడు శాస్త్రవేత్తల లెక్క ఇది. విశ్వంలో మనకు తెలిసిన పదార్థం, అంటే నక్షత్రాలు, గ్రహాలు, రాళ్లు, నీళ్లు, మనం, అన్నీ కలిపి 5 శాతం. కృష్ణ పదార్థం దాదాపు 27 శాతం. మిగిలిన 68 శాతం కృష్ణ శక్తి, అది వేరే కథ. గురుత్వాకర్షణ సూత్రాన్నే కొంచెం మార్చుకుంటే కృష్ణ పదార్థం అవసరం లేదని చెప్పే శాస్త్రవేత్తలు కూడా కొందరున్నారు. కానీ దూరపు గెలాక్సీల కాంతి వంగే తీరు, విశ్వం పుట్టిన తొలి రోజుల నుంచి మిగిలిన వికిరణం, ఇలా వేర్వేరు దారుల్లో చేసిన కొలతలన్నీ కృష్ణ పదార్థం వైపే చూపిస్తున్నాయి కాబట్టి ఎక్కువమంది దాన్నే నమ్ముతున్నారు.

అది మన గదిలోనూ ఉంది

కృష్ణ పదార్థం ఎక్కడో ఆకాశంలో ఉందనుకోకండి. మన పాలపుంత గెలాక్సీ అంతటా అది పరుచుకుని ఉంది. మనం సూర్యుడితో పాటు సెకనుకు 220 కిలోమీటర్లకు పైగా వేగంతో దాని గుండా దూసుకుపోతున్నాం.

ఎంత ఉందో కూడా లెక్క ఉంది. భూమి ఎంత పెద్దదో, అంత చోటులో ఏ క్షణాన చూసినా ఉండే కృష్ణ పదార్థం బరువు సుమారు అరకిలో! అది ఎలాంటి కణమో ఇంకా తెలియదు. ఉదాహరణకు ఒక్కో కణం 100 ప్రోటాన్ల బరువు ఉందనుకుంటే, మన డైనింగ్ హాల్లోని లీటరు నీళ్ల జగ్గులో ఏ క్షణంలోనైనా మూడు కణాలు ఉంటాయి. అవి ఆగి ఉండవు, దూసుకుపోతుంటాయి. మీ బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు 60 వేలకు పైగా వెళ్లిపోతాయి. ఈ పేజీ చదువుతున్నంతసేపూ అవి మీ గుండా వెళుతూనే ఉంటాయి. మీకు తగలవు.

అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇలాంటి కణం ఒకటి ఎప్పుడో చాలా అరుదుగా ఒక పరమాణు కేంద్రకాన్ని ఢీకొట్టవచ్చని ఒక అంచనా. అలాంటి కణాలకు 'వింప్' అని పేరు పెట్టారు. అంటే బరువుగా ఉండి, మామూలు పదార్థంతో బలహీనంగా మాత్రమే స్పందించే కణాలు. ఆ అరుదైన ఢీని పట్టుకోవాలి.

గనిలోకి ఎందుకు దిగాలి?

రాత్రి స్టడీ అవర్ సంగతి మీకు తెలుసు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఒకరు గట్టిగా చదువుతుంటారు, ఇంకొకరు బల్ల మీద చప్పుడు చేస్తుంటారు. ఒక్కసారి కరెంటు పోయి అందరూ మౌనంగా ఉన్నారనుకోండి. బయట కుళాయి నుంచి నీటి బొట్టు పడే చప్పుడు వినిపిస్తుంది. ఆ బొట్టు అంతకుముందూ పడుతూనే ఉంది. చప్పుళ్ల మధ్య మనకు వినపడలేదు.

భూమి మీద ప్రతి చోటా అలాంటి చప్పుడు ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వ కిరణాలు వాతావరణాన్ని ఢీకొట్టినప్పుడు మ్యూవాన్లు అనే కణాలు పుట్టి వానలా కిందికి కురుస్తుంటాయి. మీ అరచేయి చాపితే దాని గుండా సెకనుకు ఒకటో రెండో వెళుతుంటాయి. ఇంత వానలో ఏడాదికి ఒకటో రెండో వచ్చే సంకేతాన్ని పట్టుకోవడం కుదరదు. అందుకే కొండ కిందికో గనిలోకో వెళ్లాలి. పైనున్న రాయి ఆ వానకు గొడుగులా అడ్డుపడుతుంది. కృష్ణ పదార్థానికి మాత్రం రాయి ఒక లెక్క కాదు. అది కిలోమీటర్ల రాతిని దాటుకుని కిందికి వచ్చేస్తుంది.

ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద 1,400 మీటర్ల రాతి అడుగున ఒక పరిశోధనశాల ఉంది. చైనాలో జిన్‌పింగ్ కొండ కింద 2,400 మీటర్ల లోతున మరొకటి ఉంది. మేము నాన్నకు చెప్పింది అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని హోమ్‌స్టేక్ గని గురించి.

హోమ్‌స్టేక్ కథ

హోమ్‌స్టేక్ బంగారు గని. నూట పాతికేళ్లకు పైగా అక్కడ బంగారం తవ్వారు. ఆ గనిలో 4,850 అడుగుల లోతున, అంటే సుమారు 1,480 మీటర్ల అడుగున, రేమండ్ డేవిస్ అనే రసాయన శాస్త్రవేత్త 1960లలో ఒక పెద్ద ట్యాంకు కట్టించాడు. బట్టలు డ్రైక్లీనింగ్ చేసే ద్రవాన్ని 600 టన్నులకు పైగా అందులో నింపాడు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు అనే కణాలు ఎప్పుడైనా ఆ ద్రవంలోని క్లోరిన్ పరమాణువును తాకితే అది ఆర్గాన్‌గా మారుతుంది. అలా మారిన కొద్దిపాటి పరమాణువులను ఏరి లెక్కపెట్టడం ఆయన పని. అంత పెద్ద ట్యాంకులో పదుల సంఖ్యలో పరమాణువులను వెతకడం!

లెక్క ప్రకారం రావాల్సినవాటిలో మూడో వంతే వచ్చాయి. ప్రయోగంలో తప్పుందని కొందరు, సూర్యుడి గురించిన లెక్కలో తప్పుందని మరికొందరు అన్నారు. డేవిస్ తన పరికరాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాడు, అంకె మారలేదు. మూడో వంతు వచ్చిందని రాయడం మానలేదు. పాతికేళ్లకు పైగా అదే కొలిచాడు. చివరికి 2001, 2002 సంవత్సరాల్లో కెనడాలోని సడ్‌బరీ గనిలో జరిగిన ప్రయోగం అసలు విషయం తేల్చింది. న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి మరో రకంలోకి మారిపోతున్నాయి. డేవిస్ ట్యాంకు పట్టగలిగింది ఒక రకాన్నే. డేవిస్ కొలత సరైనదే, సూర్యుడి లెక్కా సరైనదే. 2002లో డేవిస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 88 ఏళ్లు.

అదే ఏడాది గని మూతపడింది. తర్వాత పంపులు ఆగి లోపల నీళ్లు నిండాయి. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పరిశోధనశాలగా మార్చాలని నిర్ణయించాక 2008 నుంచి నీళ్లు తోడి మళ్లీ కిందికి దారి చేశారు. డేవిస్ ట్యాంకు ఉన్న ఆ గుహలోనే ఇప్పుడు కృష్ణ పదార్థం కోసం వెతికే ఎల్‌జెడ్ అనే పరికరం ఉంది.

పది టన్నుల జినాన్

ఎల్‌జెడ్‌లో 10 టన్నుల ద్రవ జినాన్ ఉంది. జినాన్ జడ వాయువు అని మీరు ఆవర్తన పట్టికలో చదివే ఉంటారు. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా ఉండదు. దాన్ని సున్నాకు సుమారు 100 డిగ్రీల కిందికి చల్లబరిస్తే ద్రవం అవుతుంది. ఆ ద్రవం నీటికి దాదాపు మూడు రెట్లు బరువు. అందులో 7 టన్నుల భాగం కణాన్ని పట్టే వలలా పనిచేస్తుంది.

ఏదైనా కణం జినాన్ పరమాణువును ఢీకొడితే రెండు పనులు జరుగుతాయి. మొదట ఒక చిన్న మెరుపు వస్తుంది. కంటికి కనిపించేంత కాదు, కొద్ది కాంతి కణాలు మాత్రమే. దాంతోపాటు కొన్ని ఎలక్ట్రాన్లు ఊడి బయటికి వస్తాయి. విద్యుత్ క్షేత్రం వాటిని పైకి లాగుతుంది. ద్రవం దాటి పైనున్న వాయువులోకి చేరగానే అవి రెండో మెరుపు ఇస్తాయి. పైనా కిందా అమర్చిన 494 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు ఈ రెండు మెరుపులనూ పట్టుకుంటాయి.

వర్షాకాలంలో మెరుపు కనిపించాక ఉరుము ఎంతసేపటికి వినిపించిందో చూసి పిడుగు ఎంత దూరంలో పడిందో చెబుతాం కదా. ఇక్కడా అంతే. రెండు మెరుపుల మధ్య సమయాన్ని బట్టి ఢీ ఎంత లోతులో జరిగిందో తెలుస్తుంది. పైన ఏ ట్యూబుల్లో ఎక్కువ కాంతి పడిందో చూసి అది ఏ మూల జరిగిందో తెలుస్తుంది.

ఢీకొట్టింది ఎవరో కూడా కొంతవరకు తెలుసుకోవచ్చు. గామా కిరణాలు, బీటా కణాలు పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను తాకుతాయి. కృష్ణ పదార్థ కణం అయితే మధ్యలోని కేంద్రకాన్ని, క్యారమ్స్‌లో స్ట్రైకర్ కాయిన్‌ను కొట్టినట్టు కొడుతుంది. ఈ రెండు రకాల ఢీలలో మొదటి మెరుపుకూ రెండో మెరుపుకూ మధ్య నిష్పత్తి వేరుగా ఉంటుంది.

గనిలోకి దిగితే విశ్వ కిరణాల చప్పుడు సుమారు 30 లక్షల రెట్లు తగ్గుతుంది. కానీ రాతిలోనే యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. గాలిలో రేడాన్ ఉంటుంది. ఇనుములో, గాజులో, దుమ్ములో రేడియోధార్మికత ఉంటుంది. మన ఒంట్లోని పొటాషియం వల్లనే సెకనుకు 4 వేలకు పైగా విఘటనలు జరుగుతుంటాయి. అంటే శాస్త్రవేత్త తానే ఒక చప్పుడు. అందుకే పరికరం చుట్టూ రెండు లక్షల లీటర్లకు పైగా నీళ్లు నింపిన ట్యాంకు ఉంది. జినాన్ ఉంచే పాత్రను రేడియోధార్మికత చాలా తక్కువగా ఉన్న టైటానియంతో ప్రత్యేకంగా చేయించారు. జినాన్‌లో లేశమాత్రంగా కలిసిన క్రిప్టాన్‌ను కూడా వేరుచేసి తీసేశారు. పరికరం లోపలికి దుమ్ము చేరకుండా శుభ్రమైన గదుల్లో బిగించారు. ఇంతా చేసి, జినాన్ అంచుల్లో జరిగిన ఢీలను లెక్కలోంచి తీసేసి, నడిమి భాగాన్నే నమ్ముతారు.

తమను తాము నమ్మకపోవడం

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. డిగ్రీలో లోలకం ప్రయోగం చేసినప్పుడు మాకు గురుత్వ త్వరణం విలువ 941 వచ్చింది. పుస్తకంలో 980 అని ఉంది. మేము మళ్లీ కొలవలేదు. ఎక్కడ తప్పు జరిగిందో చూడలేదు. 980కి దగ్గరగా వచ్చేలా వెనక నుంచి లెక్క కట్టి, డోలనాల సమయాలు మార్చి రికార్డులో రాసేశాం. మంచి మార్కులే వచ్చాయి. ఆ 941 ఎందుకు వచ్చిందో మాకు ఈ రోజుకీ తెలియదు. దారం పొడవు తప్పు కొలిచామో, డోలనాలు తప్పు లెక్కపెట్టామో తెలుసుకునే అవకాశం పోగొట్టుకున్నాం.

ఎల్‌జెడ్ శాస్త్రవేత్తల పద్ధతి చదివినప్పుడు ఆ రికార్డు గుర్తొచ్చి సిగ్గేసింది. కావాల్సిన జవాబు మనసులో ఉంటే కన్ను దాన్నే చూస్తుందని వాళ్లకు తెలుసు. అందుకని కృష్ణ పదార్థంలా కనిపించే దొంగ సంకేతాలను కొన్నింటిని తమ సమాచారంలో తామే కలిపేస్తారు. ఏవి దొంగవో విశ్లేషించేవాళ్లకు తెలియదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నియమాలన్నీ ఖరారయ్యాకే ఆ ముడి విప్పుతారు. పబ్లిక్ పరీక్షల్లో జవాబు పత్రం మీద పేరు కనిపించకుండా కోడ్ వేస్తారు కదా, దాదాపు అలాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ వాళ్లు తమ కళ్లకు తామే గంత కట్టుకుంటున్నారు.

మరి ఏం దొరికింది?

2022లో మొదటి ఫలితాలు వచ్చాయి. కృష్ణ పదార్థం కనిపించలేదు. 2024 ఆగస్టులో 280 రోజుల సమాచారం ప్రకటించారు. ప్రోటాన్‌కు 9 రెట్లు, అంతకంటే ఎక్కువ బరువున్న వింప్‌ల జాడ లేదు. 2025 డిసెంబరులో 417 రోజుల సమాచారంతో ఇంకా తేలికైన కణాల కోసం చూశారు. అవీ లేవు. కానీ అందులో ఒక విశేషం ఉంది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు జినాన్ కేంద్రకాలను తాకిన గుర్తులకు బలమైన ఆధారం కనిపించింది. ఇటలీలోని జెనాన్-ఎన్‌టీ, చైనాలోని పాండా-ఎక్స్ పరికరాలు 2024లోనే దాని తొలి సూచనలు చూశాయి. డేవిస్ ఏ న్యూట్రినోల కోసం ట్యాంకు కట్టాడో, అవే న్యూట్రినోలు అదే గుహలో ఇప్పుడు కొత్త చప్పుడుగా వినిపిస్తున్నాయి. వాటికి రాయి అడ్డు కాదు. ఇకముందు ఆ చప్పుడు మధ్యలోంచే కృష్ణ పదార్థాన్ని వేరుచేయాలి.

దొరికిందని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. గ్రాన్ సాసోలో డామా అనే బృందం సోడియం అయొడైడ్ స్ఫటికాలతో ప్రయోగం చేసి, తమ సంకేతం ఏటా ఒకే తీరున పెరిగి తగ్గుతోందని 1990ల చివరి నుంచి చెబుతూ వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి జూన్ మొదట్లో కృష్ణ పదార్థానికి ఎదురుగా కాస్త వేగంగా వెళతాం, డిసెంబరులో కాస్త నెమ్మదిగా వెళతాం. సంకేతం అందుకు తగ్గట్టే ఉందని వాళ్ల వాదన. దాన్ని తేల్చడానికి స్పెయిన్‌లో అనాయిస్, దక్షిణ కొరియాలో కొసైన్ అనే బృందాలు అవే రకం స్ఫటికాలతో ఏళ్ల తరబడి కొలిచాయి. ఆ పెరుగుదల, తగ్గుదల వాళ్లకు కనిపించలేదు.

గ్రాన్ సాసోలోనే జినాన్‌తో పనిచేసిన ఇంకో బృందం 2020లో తమకు 232 సంకేతాలు రావాల్సిన చోట 285 వచ్చాయని ప్రకటించింది. ప్రపంచమంతా కొత్త కణమేమో అనుకుంది. వాళ్లు మాత్రం ట్రిటియం కలుషితం అయినా కావచ్చని తమ వ్యాసంలోనే రాశారు. తర్వాత ఇంకా శుభ్రమైన, పెద్ద పరికరం కట్టి కొలిచి, 2022లో ఆ ఎక్కువ కనిపించడం లేదని తామే చెప్పారు. ఆ బృందమే 2019లో జినాన్-124 అనే ఐసోటోపు క్షీణించడాన్ని మొదటిసారి నేరుగా చూసింది. దాని అర్ధ జీవితకాలం విశ్వం వయసుకు లక్ష కోట్ల రెట్లకు పైన. వెతికింది దొరకకపోయినా, అంత జాగ్రత్తగా వెతికినవాళ్లకు ఇలాంటివి కనిపిస్తాయి.

మన నేల కింద

ఈ పని మన దేశానికి కొత్త కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అవతల కర్ణాటకలో కోలార్ బంగారు గనులు ఉన్నాయి. అక్కడ 2,300 మీటర్ల లోతున టాటా పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను 1965లో పట్టుకున్నారు. ప్రపంచంలో మొదటిసారి వాటిని చూసిన రెండు ప్రయోగాల్లో అదొకటి. రెండోది దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో జరిగింది. కోలార్ వ్యాసం రాసినవారిలో ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి వంటివారు ఉన్నారు.

శాస్త్రవేత్తల పేర్లు వ్యాసంలో ఉంటాయి. ఆ లోతుకు దారి తవ్వినవాళ్ల పేర్లు ఉండవు. కోలార్ గని కార్మికులు ఎక్కువగా తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పేద కుటుంబాలవాళ్లు, అందులో దళితులే ఎక్కువ. వాళ్లు తవ్విన లోతు లేకపోతే ఆ ప్రయోగం లేదు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో ఒక చిన్న పరిశోధనశాల మొదలైంది. కోల్‌కతాలోని సాహా సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ కృష్ణ పదార్థం కోసం ప్రయోగాలు చేస్తున్నారు. అతివేడి ద్రవాన్ని మరగకుండా ఆపి ఉంచుతారు. కణం తగిలిన చోట బుడగ పుడుతుంది. ఆ బుడగ చప్పుడును మైకుతో వింటారు. హోమ్‌స్టేక్‌తో పోలిస్తే పరికరం చిన్నదే, కానీ పని మొదలైంది. ఈ సంచిక చదివే తమ్ముళ్లలో ఎవరైనా ఒకరు ఆ గనిలోకి దిగుతారని మా ఆశ.

మా నాన్న చెప్పిన జవాబు

సెలవులు అయిపోయి బయల్దేరే ముందు రోజు రాత్రి మేము మళ్లీ ఈ మాట ఎత్తాం. జీతం ప్రభుత్వాలు ఇస్తాయని, లేదని తేలడం కూడా ఫలితమేనని మాకు చేతనైనట్టు చెప్పాం. నాన్న విని తన పని సంగతి చెప్పాడు.

"మా బండికి నీళ్లు పడ్డా పడకున్నా అడుగుకింత అని ఇస్తరు. ఎన్ని అడుగులు దిగినమో అన్ని పైసలు. అది సరే. ఒకపారి ఏమైందంటే, ఒక ఊర్ల రైతుకు రెండు బోర్లు ఫెయిలైనయి. మూడోది ఏస్తున్నం. దుమ్మే లేస్తుంది. ఆఖరుకు జర తడి తగిలింది. రైతు మొఖం చూసి మా బండి మీదోళ్లు ఇంచు నీళ్లు పడ్డయని అన్నరు. నేను గూడ ఊకున్న. ఆయన అప్పు జేసి మోటరు దించిండు, పైపులేసిండు. రెండు దినాలకే ఎండింది. ఆ రోజు లేవని చెప్పుంటే ఆ మోటరు పైసలన్న మిగులు గదా. లేదని తేల్చి చెప్పెటోడు కావాలె బిడ్డా. మీ గనిలోళ్లు గదే జేస్తున్నరు."

మేము పుస్తకాల్లో వెతికిన జవాబు ఆయన రాడ్ల దగ్గర నేర్చుకున్నాడు. పెద్ద లోతుకు దిగి, చప్పుడంతా ఆపి, ఇన్ని రోజులు చూశాం, ఇంత బరువున్న కణం ఇక్కడ లేదని ధైర్యంగా చెబితే, తర్వాత వచ్చేవాళ్లు ఇంకో చోట బోరు వేస్తారు. లేనిది ఉందని చెబితే ఎంతమంది జీవితాలు ఆ మోటరు కింద పెడతారో.

ఎల్‌జెడ్ 2028 దాకా పనిచేసి వెయ్యికి పైగా రోజుల సమాచారం సేకరించాలని ప్రణాళిక. దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. వింప్‌లే కాకపోవచ్చు, చాలా తేలికైన ఆక్సియాన్లు కావచ్చు. వాటి కోసం వేరే ప్రయోగాలు నడుస్తున్నాయి.

తమ్ముళ్లూ, ఈ ఏడాది మీ ప్రాక్టికల్స్‌లో 980 రాకపోతే కంగారు పడకండి. వచ్చిన అంకే రికార్డులో రాయండి. కింద ఎందుకు తేడా వచ్చిందో మీకు తోచింది ఒక వాక్యం రాయండి. కుదిరితే మళ్లీ కొలవండి. మేము చేయనిది అదే. మార్కులు ఒకటో రెండో తగ్గితే తగ్గనివ్వండి.

హాస్టల్‌కు మళ్లీ వచ్చినప్పుడు స్టోర్ రూమ్ పక్క గదిలో దారం, గుండు, స్టాప్‌వాచ్ పెట్టుకుని అందరం కలిసి ఆ లోలకం ప్రయోగం మళ్లీ చేద్దాం. మా 941 ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసుకోవాలని ఉంది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్